కళింగ విజేత పశ్చాత్తాపం

మౌర్య చక్రవర్తి అశోకుడు పట్టాభిషేకం జరిగిన ఎనిమిదేళ్లకు, క్రీ.పూ. 261 ప్రాంతంలో, కళింగను జయించాడు. ఆ యుద్ధంలో 1,50,000 మందిని పట్టి తరలించారనీ, 1,00,000 మంది హతులయ్యారనీ, అంతకు ఎన్నో రెట్ల మంది చనిపోయారనీ 13వ శిలాశాసనం చెబుతుంది. అంకెలు గుండుగుత్తగా ఉన్నాయి కాబట్టి వాటిని అక్షరాలా నమ్మనక్కర్లేదు. అవి ఎవరి నోట వచ్చాయన్నదే ముఖ్యం. అస్సీరియా రాజులు కూడా తాము చంపిన శత్రువులను లెక్కపెట్టి రాళ్ల మీద చెక్కించారు. వాళ్లకు అది ప్రతాపం. అశోకుడికి అదే లెక్క దుఃఖకారణమైంది. గెలిచిన రాజు తన గెలుపును తప్పుగా ఒప్పుకుని, ఆ మాటను రాజ్యంలో పలుచోట్ల చెక్కించడం ప్రాచీన చరిత్రలో బహు అరుదు.

అయితే అశోకుడు కళింగను వదులుకోలేదు. అది మౌర్య సామ్రాజ్యంలోనే ఉండిపోయింది. అక్కడి తోసలి నగరం నుంచి రాజకుమారుడు, మహామాత్రులనే ఉన్నతాధికారులు దాన్ని పాలించారు. చేసిన పనికి మనసారా బాధపడినవాడు ఆ పని వల్ల దక్కినదాన్ని తన దగ్గరే ఉంచుకోవచ్చా? ఉంచుకుంటే ఆ బాధకు విలువ ఎంత? ధర్మశాస్త్రాలకూ బౌద్ధానికీ కూడా ఇది పాత ప్రశ్నే. అశోకుడి విషయంలో దానికి జవాబు వెతకడానికి కథలూ ఐతిహ్యాలూ అక్కర్లేదు. అతని సొంత మాటలే రాళ్ల మీద ఉన్నాయి.

13వ శాసనంలోని విశేషం మృతుల సంఖ్య ఒక్కటే కాదు. కళింగలో ఉన్నవాళ్లు ఎలాంటి మనుషులో ఆ శాసనం వివరంగా చెబుతుంది. అక్కడ బ్రాహ్మణులున్నారు, శ్రమణులున్నారు, రకరకాల మతశాఖల వాళ్లున్నారు, గృహస్థులున్నారు. తల్లిదండ్రుల మాట వినేవాళ్లు, గురువులను సేవించేవాళ్లు, స్నేహితులనూ బంధువులనూ పనివాళ్లనూ ఆదరించేవాళ్లు ఉన్నారు. యుద్ధంలో వీళ్లకు గాయం, చావు, అయినవాళ్ల ఎడబాటు ప్రాప్తించాయి. అశోకుడు అక్కడితో ఆగడు. తమకు ఏ హానీ కలగనివాళ్లు కూడా తాము ప్రేమించేవాళ్లకు వచ్చిన ఆపదను చూసి గాయపడ్డారని అంటాడు. యుద్ధం తాకనివాడు ఆ దేశంలో ఎవడూ లేడన్నది దీని సారాంశం. ఆనాడు పోయినవాళ్లలో నూరోవంతు, వెయ్యోవంతు మందికి ఇప్పుడు అదే గతి పట్టినా తనకు భరించరానిదే అవుతుందని కూడా చెప్పుకున్నాడు. శత్రుదేశపు ప్రజలను సైన్యంగా కాక కుటుంబాలుగా చూసిన ఈ చూపు నటనకు అందేది కాదు. పశ్చాత్తాపం మొత్తం రాజకీయ ప్రచారమని తేల్చేసే చరిత్రకారులు ఈ వాక్యాల దగ్గర కొంతసేపు ఆగవలసింది.

అదే శాసనంలో, ఈ మాటలకు కొద్ది దూరంలోనే, అడవి జనం ప్రస్తావన వస్తుంది. రాజ్యంలోని ఆటవికులను దేవానాంప్రియుడు (శాసనాల్లో అశోకుడి బిరుదు) మంచిమాటలతో దారికి తెచ్చుకోవాలనుకుంటున్నాడట. అయితే పశ్చాత్తాపపడినా అతనికి శక్తి ఉందన్న సంగతి వాళ్లకు తెలియజేస్తున్నారు. తమ పనులకు సిగ్గుపడకపోతే ప్రాణాలు పోతాయని హెచ్చరిక. దుఃఖమూ కత్తీ ఒకే రాతిపలక మీద చోటు చేసుకున్నాయి. కొడుకులూ మునిమనవలూ కొత్త విజయాల గురించి తలపెట్టవద్దని కోరుతూనే, ఒకవేళ జయించవలసి వస్తే సహనమూ స్వల్పదండనా పాటించాలని మినహాయింపు కూడా రాయించాడు. అసలైన విజయం ధర్మంతో సాధించేదేనని ప్రకటించి, ఆ విజయం అందుకున్న చోట్లుగా చోళ, పాండ్య, తామ్రపర్ణి (సింహళ) దేశాలనూ, సిరియా రాజు అంటియోకస్, ఈజిప్టు రాజు టాలెమీ మొదలుకొని ఐదుగురు యవన (గ్రీకు) రాజుల దేశాలనూ పేర్కొన్నాడు.

ఆ శాసనం ఎక్కడెక్కడ ఉందో, ఎక్కడ లేదో చూస్తే ప్రశ్న మరింత పదునెక్కుతుంది. గుజరాత్‌లోని గిర్నార్, హిమాలయాల అంచున కాల్సి, నేటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ, మాన్సెహ్రాల్లో అది ఉంది. కాందహార్‌లో దాని మొదటి భాగం గ్రీకు భాషలో దొరికింది. కర్నూలు జిల్లాలో జొన్నగిరి దగ్గరి ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. ఆంధ్రుల పేరు పుళిందులతో పాటు, అశోకుడి ఏలుబడిలో ధర్మాన్ని పాటిస్తున్న జనాలలో ఒకటిగా, ఈ 13వ శాసనంలోనే వస్తుంది. కళింగకు పొరుగున ఉన్న తెలుగు నేల మీద రాజు దుఃఖం ఇలా రాతికెక్కింది. కళింగలో మాత్రం ఎక్కలేదు. దయా నది ఒడ్డున ధౌలిలో గానీ, గంజాం జిల్లా జౌగడలో గానీ 13వ శాసనం లేదు. 1 నుంచి 10 వరకూ, ఆ పైన 14వదీ చెక్కి, 11, 12, 13 శాసనాలను వదిలేశారు. వాటికి బదులు రెండు ప్రత్యేక శాసనాలు చేర్చారు.

ఈ ప్రత్యేక శాసనాలు చిన్నచూపు చూడవలసినవి కావు. మొదటిది తోసలి, సమాపా నగరాల్లో న్యాయం చూసే మహామాత్రులకు రాసినది. మనుషులందరూ తన బిడ్డలేననీ, కన్నబిడ్డలకు కోరే హితసుఖాలనే అందరికీ కోరుతున్నాననీ రాజు అందులో అంటాడు. ఎవరినీ కారణం లేకుండా చెరలో పెట్టకూడదు, హింసించకూడదు. అసూయ, కోపం, క్రౌర్యం, తొందరపాటు, సోమరితనం, అలసట ఉన్న అధికారి న్యాయం చేయలేడు. తిష్యా నక్షత్రం ఉన్న రోజుల్లో ఈ శాసనాన్ని చదివి వినిపించాలి. ఇదంతా అమలవుతోందో లేదో చూడడానికి ఐదేళ్లకోసారి అధికారి పర్యటించాలి. రెండోది ఇంకా జయించని సరిహద్దు జనాలు రాజును చూసి భయపడవద్దనీ, అతన్ని తండ్రిలా నమ్మవచ్చనీ చెబుతుంది. అయితే క్షమించదగిన దాన్నే రాజు క్షమిస్తాడన్న షరతు అక్కడా ఉంది. ఈ రెండు శాసనాలూ కర్ణాటకలోని సన్నతిలో కూడా దొరికాయి కాబట్టి, ఇవి కళింగ కోసమే పుట్టినవని ఖాయంగా చెప్పే వీలు లేదు. కళింగులకు 13వ శాసనం స్థానంలో వీటినే ఇచ్చారన్నది మాత్రం రాయి చెబుతున్న వాస్తవం.

మానని గాయాన్ని కెలకకూడదనే దాన్ని వదిలేశారని కొందరు పండితుల అభిప్రాయం. ఓడిన నేల మీద ఓటమిని చెక్కిస్తే తిరుగుబాటుకు పిలుపు అవుతుందని మరికొందరు అంటారు. కారణం ఏదైనా, పశ్చాత్తాపం వినవలసినవాళ్లకు తప్ప మిగతా అందరికీ వినబడింది. గ్రీకు చదివే కాందహార్ వర్తకుడికి తెలిసిన దుఃఖం ధౌలి రైతుకు రాజు నోట తెలియలేదు.

బౌద్ధం పశ్చాత్తాపాన్ని ఎలా కొలుస్తుందో చెప్పడానికి అశోకుడి కంటే ముందున్న మగధ రాజు కథే ఉంది. తండ్రి బింబిసారుణ్ణి చంపి సింహాసనం ఎక్కిన అజాతశత్రువు రాజగృహంలో జీవకుడి మామిడితోటకు వెళ్లి బుద్ధుడి ముందు తప్పు ఒప్పుకుంటాడు. తప్పును తప్పుగా చూసి, ఇకపై నిగ్రహించుకోవడం అభివృద్ధి లక్షణమని చెప్పి బుద్ధుడు ఆ ఒప్పుకోలును స్వీకరిస్తాడు. సింహాసనం దిగిపొమ్మని అనడు. రాజు వెళ్లాక మాత్రం, ఇతను తండ్రిని చంపి ఉండకపోతే ఇక్కడే ధర్మచక్షువు తెరుచుకునేదని భిక్షువులతో అంటాడు. ఒప్పుకోలు దారి మళ్లిస్తుంది కానీ జరిగిన దాన్ని చెరిపెయ్యదు. హంతకుడైన అంగుళిమాలుడి కథలో ఈ సంగతి ఇంకా కఠినంగా కనిపిస్తుంది. అతను హింస మాని భిక్షువయ్యాక కూడా భిక్షకు వెళ్లిన చోట మట్టిగడ్డలూ పెంకులూ తగిలి, నెత్తురోడుతూ తిరిగి వస్తాడు. ఇది నీ కర్మఫలమే, ఓర్చుకో అంటాడు బుద్ధుడు. అంగుళిమాలుడు బాధితుల వీధుల్లోకే వెళ్లాడు. అశోకుడికీ అతనికీ తేడా అక్కడ ఉంది.

స్మృతుల దారి వేరు. మనుస్మృతి చిన్న దొంగతనాలకు ప్రాయశ్చిత్తం చెబుతూ, దొంగిలించిన సొత్తును తిరిగి ముట్టజెప్పిన తరువాతనే వ్రతం చేయాలంటుంది. ఉపవాసం ఎంత కఠినమైనా సొత్తు ఇంట్లో ఉన్నంతకాలం శుద్ధి లేదు. ఇదే కొలత రాజ్యానికి వేస్తే అశోకుడి ప్రాయశ్చిత్తం మొదలే కాలేదు. కానీ రాజుల విషయానికి వచ్చేసరికి సంప్రదాయం ఆ కొలతను పక్కన పెట్టింది. దానికి పెద్ద ఉదాహరణ తిక్కన తెలుగు చేసిన శాంతిపర్వంలో ఉంది. కురుక్షేత్రం ముగిశాక ధర్మరాజు రాజ్యం వద్దని అడవికి పోతానంటాడు. తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు అతన్ని వారించి పట్టం కట్టిస్తారు. పాప పరిహారానికి అశ్వమేధం చేయిస్తారు. రాజు దుఃఖాన్ని అడవిలో కాక పాలనలో తీర్చుకోవాలని ఆ కథ తీర్పు. అశోకుణ్ణి సమర్థించేవాళ్లకు ఇది బలమైన వాదమే. అయితే ధర్మరాజుది తనకు చెందవలసిన రాజ్యం. కళింగ అశోకుడిది కాదు.

భూమిని తిరిగి ఇవ్వడం సాధ్యం కాని పని అనుకున్నా, మనుషుల సంగతి మిగులుతుంది. తరలించిన 1,50,000 మందిని ఇళ్లకు పంపించినట్లు ఏ శాసనమూ చెప్పదు. రోడ్ల పక్కన మర్రిచెట్లు నాటించానని, బావులు తవ్వించానని, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని అశోకుడు ఎంతో ఇష్టంగా రాయించుకున్నాడు. తన వంటశాలలో రోజూ రెండు నెమళ్లనూ ఒక జింకనూ మాత్రమే చంపుతున్నారని, అదీ మానేస్తామని చెప్పేంత నిజాయితీ ఉన్నవాడు. అలాంటి రాజు ఎడబాటు అనే బాధను స్వయంగా పేర్కొని కూడా, ఎడబాసినవాళ్లను కలిపానని ఎక్కడా చెప్పుకోలేదు. అతని పశ్చాత్తాపంలోని అసలు లోటు ఇదే.

దండనీతి విషయంలోనూ ఇలాంటి సగం అడుగే కనిపిస్తుంది. పట్టాభిషేకమైన 26 ఏళ్లకు వేయించిన 4వ స్తంభశాసనంలో మరణశిక్ష పడినవాళ్లకు మూడు రోజుల గడువు ఇచ్చాడు. బంధువులు శిక్ష తగ్గించమని కోరుకోవడానికో, ఖైదీ దానమో ఉపవాసమో చేసి పరలోకానికి సిద్ధపడడానికో ఆ గడువు. మరణశిక్ష ఆగలేదు, చంపే ముందు మనిషిని మనిషిగా చూశారు. ధర్మవిజయం అన్న ఆలోచన కూడా పూర్తిగా కొత్తది కాకపోవచ్చు. అర్థశాస్త్రం విజేతలను ధర్మవిజయి, లోభవిజయి, అసురవిజయి అని మూడు రకాలుగా చెప్పి, మొదటివాడు లొంగుబాటుతోనే తృప్తి పడతాడంది. అశోకుడు ఆ ఆలోచనను లొంగుబాటు కూడా అక్కర్లేని చోటికి తీసుకుపోయాడు. కళింగ తరువాత అతను మరో దండయాత్ర చేసిన దాఖలా లేదు. అప్పటికి భారత ఉపఖండంలో అతిపెద్ద సైన్యం ఉన్న రాజు కత్తిని ఒరలో పెట్టి దశాబ్దాలు గడిపాడంటే, ఆ దుఃఖం నిజమైనదని నమ్మడానికి అది గట్టి సాక్ష్యం.

కాబట్టి అశోకుడి పశ్చాత్తాపం బూటకం అనడం అన్యాయం. అది సంపూర్ణం అనడం కళింగులకు అన్యాయం. రాబోయే యుద్ధాలను అది ఆపింది, జరిగిన యుద్ధానికి పరిహారం చెల్లించలేదు. సింహళ వంశకథలూ అశోకావదానమూ అతని మనసు మారిన వైనాన్ని భిక్షువుల చుట్టూ అల్లాయి, కళింగ యుద్ధాన్ని ప్రస్తావించలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివి ఉండకపోతే ఆ మృతుల లెక్క లోకానికి తెలిసేదే కాదు.

కళింగ తరువాతి తరాల్లో స్వతంత్రమైంది. మౌర్యుల తరువాత అక్కడ రాజ్యం చేసిన జైన రాజు ఖారవేలుడి శాసనం భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి కొండ మీద హాథీగుంఫాలో, ధౌలికి కొద్ది మైళ్లలోనే ఉంది. నందరాజు ఎత్తుకుపోయిన కళింగ జిన విగ్రహాన్ని మగధ నుంచి తిరిగి తెచ్చానని అందులో చెప్పుకున్నాడు. అన్ని మతాలనూ పూజించేవాడినని, ఎదురులేని సైన్యం ఉన్నవాడినని ఒకే చోట చాటుకున్నాడు. పడమట శాతవాహన రాజు శాతకర్ణిని లెక్కచేయకుండా సేనలు పంపానన్నాడు. అశోకుడి పేరు ఆ శాసనంలో లేదు.