ఒక కథ బాగుందని చెప్పేముందు

చిరంజీవి అమ్మలుకు,

నువ్వు పంపిన ఫ్యాన్ ఫిక్షన్ కథల జాబితా, ఒక్కో కథకీ నువ్వు రాసిన సమీక్ష, ఆ తరవాత జరిగిన రభస అంతా తీరిగ్గా చదివాను. నీ ఉత్తరంలో రెండు గొడవలున్నాయి. ఒక కథలో లోపాలు ఎత్తిచూపితే రాసినావిడ నొచ్చుకుని రాయడమే మానేసింది. ఇంకో కథని నువ్వు ఆకాశానికెత్తితే, నీ మాట నమ్మి చదివిన పిల్ల "ఇందులో ఇలాంటిది ఉందని ముందే ఎందుకు చెప్పలేదక్కా?" అని నిలదీసింది. "నిజం చెప్పినా తప్పే, మెచ్చుకున్నా తప్పే, ఇంక నేను రాయను పెద్దమ్మా" అన్నావు.

రాయాలి. కాకపోతే నీ నెత్తిన రెండు బాకీలున్నాయని ముందు తెలుసుకో. ఒకటి రాసినావిడకి, రెండోది చదివేవాళ్ళకి. ఒకే సమీక్షతో రెండూ తీర్చబోయావు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అద్దె పుస్తకాల కొట్టు నడిపినదాన్ని, ఈ పని నాకూ కాస్త తెలుసు. "ఈ నవల బాగుంటుందా అండీ?" అని కొట్టుకి వచ్చిన ప్రతి అమ్మాయీ అడిగేది. నేను బాగోలేదంటే ఆ పుస్తకం అలమరలోనే ఉండిపోయేది. కానీ నేనన్న మాట రాసిన రచయిత్రి చెవిన పడేది కాదు. ఆవిడకి వారపత్రిక వాళ్ళు పారితోషికం ఇచ్చేవారు, ప్రచురణకర్త ఇంకాస్త ఇచ్చేవాడు. మీ లోకం తీరు వేరు. నువ్వు పాఠకులతో చెప్పే మాట రాసినావిడ అదే పూట చూసుకుంటుంది. పైగా ఆవిడకి పైసా రాదు.

ఇలా పైసా రాకుండా రాయడం ఇవాళ కొత్తగా పుట్టిన పద్ధతి కూడా కాదు. 1967లో అమెరికాలో 'స్టార్ ట్రెక్' అభిమానులు 'స్పాకనేలియా' అని సొంతంగా ఒక పత్రిక అచ్చేసుకున్నారు. అలాంటి పత్రికలకి రాసినవాళ్ళు చూసుకుని మురిసిందల్లా తమ కథ ఉన్న ప్రతి, పాఠకుల ఉత్తరాలు. 2009లో మొదలైన 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది, ప్రకటనలు ఉండవు, కథ పక్కన డబ్బు అడగనివ్వరు. 2019లో దానికి హ్యూగో అవార్డు కూడా వచ్చింది. అంత పేరున్న చోట కూడా రచయితకి దక్కేది చదివినవాళ్ళు నొక్కే 'కుడోస్', రాసే నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలే జీతం అయినచోట, వాటిని ఎలా రాస్తున్నామన్నది చిన్న విషయం కాదు.

అందుకని రాసినావిడ బాకీ ముందు చూద్దాం. ఆవిడ కథ కింద రాసేటప్పుడు ఆవిడతో మాట్లాడుతున్నావు. "సూపర్, అప్‌డేట్ సూన్" అనేది మాట్లాడడం కాదు, పని పురమాయించడం. ఏ సన్నివేశం దగ్గర నీ గుండె ఆగిందో, ఏ సంభాషణ రెండోసారి చదువుకున్నావో అది రాయి. మీరు కథలల్లే సీరియల్ నాయిక ఖుషీ, తను కొలిచే దేవీ మైయ్యాతో మొరపెట్టుకునే తీరు ఈవిడ కలంలో అచ్చం ఆ పిల్లే మాట్లాడినట్టు ఉందని రాస్తే, అలా ఎందుకు కుదిరిందో ఆవిడ తెలుసుకుంటుంది. ఎక్కడ మెచ్చుకున్నావో తెలిస్తే, ఎక్కడ మెచ్చుకోలేదో కూడా తెలివైన రచయితకి అర్థమవుతుంది.

మీలో ఇంకో అలవాటు చూశాను. భాగం రాగానే కింద 'రెజ్' అని పెట్టి చోటు పట్టుకుంటారు, తరవాత వచ్చి అక్కడ సమీక్ష నింపుతామని. సగంమంది మళ్ళీ ఆ దిక్కుకే రారు. నువ్వు మాత్రం చోటు పట్టుకుంటే తిరిగి రా. లేకపోతే పట్టుకోకు.

ఇక లోపాల సంగతి. ఆవిడ అడిగిందా? "తప్పులుంటే చెప్పండి" అని రాసినవాళ్ళకి చెప్పు, నలుగురిలో కాకుండా వేరుగా చెప్పు. అడగనివాళ్ళ దగ్గర నోరు కట్టుకో. ఇది మొహమాటం కాదు. పుస్తకానికి డబ్బు పెట్టినవాడికి బాగోలేదని అరిచే హక్కుంది. ఇంటిపని అయ్యాక రాత్రిళ్ళు ఫోన్‌లో టైపు చేసి ఊరికే చేతికిచ్చిన కథ మీద ఆ హక్కు అంతగా చెల్లదు. నచ్చని కథని నీ జాబితాలో పెట్టకు. జాబితాలో లేకపోవడమే నీ తీర్పు. నిన్ను నమ్మినవాళ్ళకి అది చాలు.

అలాగని పక్షపాతంతో నింపకు. నీ సమీక్షల్లో ఒక ముగ్గురి కథలే మళ్ళీ మళ్ళీ కనపడుతున్నాయి, ఆ ముగ్గురూ నీ కథల్ని మళ్ళీ మళ్ళీ మెచ్చుకుంటున్నారు. ఇచ్చిపుచ్చుకోవడం స్నేహంలో బాగుంటుంది, జాబితాలో బాగోదు. స్నేహితురాలి కథ నిజంగా మంచిదైతే పెట్టు, కానీ "ఈవిడ నా స్నేహితురాలు" అని పక్కన రాసెయ్యి. చదివేవాళ్ళే తూకం వేసుకుంటారు.

మీ అమ్మ మాట కూడా రాశావు, "ఎవరో పుట్టించిన పాత్రలకి ప్రేమకథలు కట్టడమేమిటి, వాటికి సమీక్షలొకటా" అన్నదని. మీ అమ్మకి మాయాబజార్ అంటే ప్రాణం కదా, అడుగు దాన్ని. వ్యాసభారతంలో అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరని. బలరాముడి కూతురు శశిరేఖ అందులో లేనే లేదు. జనం నోట, రంగస్థలం మీద పెరిగి పెరిగి, 1957లో వెండితెరకెక్కి మన ఇంటిపిల్ల అయిపోయింది. తెలిసిన పాత్రకి తెలియని ప్రేమ కల్పించి ఊరంతా నమ్మేలా చెప్పడం మనవాళ్ళకి వంటబట్టిన విద్య. కాబట్టి "ఫ్యాన్ ఫిక్షనే అయినా పర్వాలేదు" అని నీ సమీక్షల్లో ఇకమీదట రాయకు. ఆ 'అయినా'లో రాసినవాళ్ళకీ అవమానం ఉంది, చదివే నీకూ ఉంది.

ఇప్పుడు రెండో బాకీకి వస్తాను. నిన్ను నిలదీసిన ఆ పిల్ల న్యాయంగానే అడిగింది.

ప్రేమకథ ఒకరికి చెప్పడం సంబంధం చెప్పడంలాంటిది. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు గానీ, ఆ అబద్ధాలు అనుభవించేది పెళ్ళి చేసినవాడు కాదు. కథ పూర్తయిందా, మధ్యలో ఆగిపోయిందా? సీరియల్‌లోని ఏ మలుపు దగ్గర నుంచి కథ వేరే దారి పట్టింది? ముగింపు సుఖాంతమా? ఏ వయసువాళ్ళకి తగినది? ఇవి కథని పాడుచేసే రహస్యాలేం కావు. ఒక రాత్రి నిద్ర మానుకుని చదవబోయే మనిషికి ముందుగా చెప్పాల్సిన వివరాలు. నలభై భాగాలు చదివించి, నలభై ఒకటోది రానే రాదని చివర్లో తెలిస్తే ఆ ఉసురు నీకే తగులుతుంది.

హెచ్చరికలు అంతకంటే ముఖ్యం. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో కథ పెట్టేటప్పుడు ముఖ్య పాత్ర చావు, తీవ్రమైన హింస, అత్యాచారం, మైనర్లతో శృంగారం అనే నాలుగింటి గురించీ రచయిత చెప్పాలి. "చెప్పదలుచుకోలేదు" అనే వీలు కూడా వాళ్ళే ఇచ్చారు. ఆ వీలు రచయితది. కథలోని మలుపుని దాచుకోవడం ఆవిడ ఇష్టం. సిఫారసు చేసే నీకు ఆ వీలు లేదు. నువ్వు చదివేశావు, నీకు తెలుసు. తెలిసీ చెప్పకపోతే అది దాచడమే. ఆ పిల్ల చిన్నది, నువ్వు అక్కవి. "పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకే" అన్న ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది.

దీని వెనకాల ఇంకా లోతైన సంగతి ఒకటి ఉంది. మీరు ప్రేమించే సీరియల్‌లోనే ఆ ముల్లుంది. 2011లో స్టార్ ప్లస్‌లో 'ఇస్ ప్యార్ కో క్యా నామ్ దూ'గా మొదలై, తరవాత 'మా టీవీ'లో 'చూపులు కలిసిన శుభవేళ'గా మన ఇళ్ళలోకి వచ్చిన కథని నేనూ చూశాను. తన అక్క మొగుడు శ్యామ్‌తో ఖుషీకి సంబంధం ఉందని నాయకుడు ఆర్నవ్ అనుమానపడతాడు. ఖుషీ అక్క పాయల్ పెళ్ళి ఆపేస్తానని బెదిరించి, ఆరు నెలల ఒప్పందం మీద ఖుషీని గుడిలో బలవంతంగా పెళ్ళి చేసుకుంటాడు. 2012 నవంబర్‌లో సీరియల్ అయిపోయింది గానీ, ఆ గుడిమెట్ల దగ్గర నుంచి మీరెవరూ ఇంకా కిందికి దిగలేదు. నువ్వు పంపిన కథల్లో సగం అక్కడే తిరుగుతున్నాయి.

అవన్నీ ఒక్కలా లేవు చూడు. కొన్ని ఆ పెళ్ళే జరగనివ్వకుండా, అనుమానం ముందే తీర్చేసి వేరే దారిలో నడుస్తాయి. కొన్ని పెళ్ళి జరగనిచ్చి, ఖుషీని ఇల్లు వదిలి వెళ్ళనిచ్చి, ఆర్నవ్ చేత ఆ తప్పుకి మూల్యం కట్టిస్తాయి. ఇంకొన్ని బలవంతాన్ని ఇంకా పెంచి, దెబ్బ మీద దెబ్బ వేసి, చివర్లో "అదంతా ప్రేమే" అని చేతులు దులుపుకుంటాయి. నీ సమీక్షలో ఈ మూడు రకాలకీ ఒకే మాట వాడావు, "తీవ్రమైన ప్రేమ" అని. ఆ పిల్లని దెబ్బకొట్టింది ఆ మాటే.

పొగరుబోతు నాయకుడి మీద మోజు పడొద్దని నేను చెప్పను. 'సెక్రటరీ' నవల్లో రాజశేఖరానికి మనసిచ్చేసిన తరం మాది, ఆ నీతి చెప్పే మొహం నాకు లేదు. చీకటి కథలు రాయొద్దని, చదవొద్దని కూడా అనను. తన భయాన్ని కథలో పెట్టి చూసుకునే ఆడపిల్లలున్నారు, అలా చూసుకోవడం వాళ్ళకి బలమే. నేనడిగేది నీ సమీక్ష గురించి. కథలో నాయకుడు ఆమెను బెదిరిస్తే 'బెదిరించాడు' అని రాయి. ఆమె వద్దన్నాక ఆగకపోతే, దానికి మొండి ప్రేమ అని పేరు పెట్టకు. పాత్ర తనని తాను మోసం చేసుకోవచ్చు, రచయిత కావాలని పాఠకుణ్ణి మోసం చేయొచ్చు. సమీక్షకురాలు మాత్రం తనకి కనపడింది కనపడినట్టు చెప్పాలి. పదహారేళ్ళ పిల్లకి ప్రేమ అంటే ఏమిటో నేర్పేది కథ ఒక్కటే కాదు, ఆ కథ గురించి అక్కలు మాట్లాడుకునే మాటలు కూడా నేర్పుతాయి.

ఇంకో మూడు ముక్కలు చెప్పి ఆపుతాను.

ఎత్తిపోతల విషయంలో జాగ్రత్త. ఎవరిదో ఇంగ్లీషు ప్రేమ నవల తెచ్చి, పేర్లు తీసేసి ఆర్నవ్, ఖుషీ అని పెట్టేస్తే అది అభిమానం కాదు, దొంగతనం. 'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' మొదట 'ట్విలైట్' పాత్రల మీద రాసిన అభిమాని కథే. ఇ.ఎల్. జేమ్స్ పేర్లు మార్చి 2011లో పుస్తకంగా తెచ్చింది. వాక్యాలు ఆవిడవే కాబట్టి ఆ హక్కు ఆవిడకుంది. ఒకరి వాక్యాలకి మరొకరు పేర్లు మార్చడం వేరే పని. అనుమానం వస్తే ఆ కథని సిఫారసు చేయకు. నిర్ధారించుకోకుండా నలుగురిలో దొంగ అని అరవకు కూడా.

నటుల జోలికి పోయే కథలు జాబితాలో వద్దు. బరుణ్ సోబ్తీ, సనయా ఇరానీ ఆ పాత్రల్ని గొప్పగా పోషించారు, బాగానే ఉంది. ఎవరి సంసారం వాళ్ళకుంది. వాళ్ళిద్దర్నీ నిజంగానే జతకట్టి, అసలు భార్యనో భర్తనో దుర్మార్గులుగా చూపించే కథలు ఎంత బాగా రాసినా వాటికి నీ పేరు అరువివ్వకు. ఆర్నవ్ కాగితం మీద మనిషి, ఏమన్నా పడతాడు. నటుడికి ఇల్లుంది.

చివరిది, మారుపేరుతో రాసేవాళ్ళ గుట్టు. ఆవిడ ఏ ఊరిదో, ఏం చేస్తుందో నీకు తెలిసినా సమీక్షలో పొరపాటున కూడా దొర్లనివ్వకు. అత్తగారికి తెలియకుండా రాసేవాళ్ళుంటారు, ఆఫీసులో తెలిస్తే నవ్వుతారని భయపడేవాళ్ళుంటారు. పొగుడుతున్నాం కదా అని పరిచయం చేసేస్తే, వాళ్ళకి ఉన్న ఒక్క చోటూ పోతుంది.

రాయడం మానేసినావిడ సంగతి ఏం చేయాలన్నావు. జాబు రాయి. సమర్థించుకోవద్దు, బతిమాలొద్దు. ఆ కథలో నీకు నిజంగా నచ్చిన చోటు ఒకటి చెప్పి, మిగతాది అడక్కుండా నలుగురిలో అనడం సరికాదని ఒప్పుకో. తిరిగి రాస్తుందో లేదో ఆవిడ ఇష్టం. నిన్ను నిలదీసిన పిల్లకి మాత్రం జాబుతో సరిపోదు. ఆ పాత జాబితా తెరిచి ప్రతి కథ పక్కనా చెప్పాల్సిన వివరం చేర్చు, ఆ మూడో రకం కథలకి పెట్టిన మెచ్చుకోలు మాటలు మార్చు. మార్చినట్టు పైనే రాయి, రహస్యంగా దిద్దకు.

వచ్చే జాబితాలో నీకు పరిచయం లేని రచయితల కథలు కనీసం రెండు ఉండాలి. ఒక్క కామెంటు కూడా రాని కథ ఎక్కడో అడుగున పడి ఉంటుంది, అది వెతికి పట్టుకో. అందరూ మెచ్చిన కథని నువ్వూ మెచ్చితే దానికి కొత్తగా ఒరిగేదేం లేదు. ఎవరూ చూడని మంచి కథని నలుగురి ముందుకి తేవడానికే నీ అవసరం. ఆ జాబితా నాకూ పంపు, చదివి పోట్లాడతాను.

అమ్మని అడిగానని చెప్పు. వేళకి తిను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ