ఉప్పలపాడు చెరువుగట్టున



ఆకాశపక్షులను చూడమని ప్రభువు చెప్పినప్పుడు అదేదో మాటవరసకు అన్నదనుకొని ఊరుకుంటాం. నిజంగా వెళ్ళి చూసినవారు మనలో ఎందరు? గుంటూరుకు పది కిలోమీటర్ల లోపే ఉప్పలపాడు ఉంది. చూడబోతే ఒక ఊరచెరువు, నడుమ తుమ్మచెట్లు, అంతే. దూరప్రాంతాలవారు వెదుక్కుంటూ వస్తారు. పక్కనే ఉన్న మనకు తీరికే దొరకదు!

ఒక శనివారం వేకువనే వెళ్ళండి. చలికాలమైతే మేలు. కొమ్మకొమ్మకూ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. గూడబాతు పిల్ల తల్లి నోటిసంచిలోకి తల దూర్చి చేపలు తింటుంది. తల్లి తన రొమ్ము చీల్చుకొని రక్తంతో పిల్లలను పోషిస్తుందని పూర్వులు నమ్మారు. అది నిజం కాదు. అయినా ఆ నమ్మకం వల్లనే ఈ పక్షి దివ్యసత్ప్రసాదానికి గురుతై బలిపీఠాల మీదికి ఎక్కింది. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసు తన కీర్తనలో క్రీస్తును ఆ పక్షి పేరుతోనే పిలిచారు. పీఠం మీద బొమ్మగా చూసి మ్రొక్కిన పక్షి ఇక్కడ ప్రాణంతో ఉంది.

ఇక వాసన సంగతి. రెట్టల కంపును ఏళ్ళ తరబడి భరిస్తున్నది ఆ ఊరివారు. అయినా పక్షులను తరమలేదు, కాపాడుకుంటున్నారు. లూకా సువార్తలో ప్రభువు చూపించినది కాకులను. లేవీయకాండము అశుద్ధమన్న పక్షిని! ముక్కు మూసుకొని వెనుదిరగబోయేవారు ఈ సంగతి తలచుకోవాలి.

జ్ఞానోపదేశం పిల్లలను వెంటబెట్టుకుపొండి. రాళ్ళు విసరనివ్వకండి. వచ్చేముందు ఆ ఊరివారితో నాలుగు మాటలు మాట్లాడి రండి.