దుఃఖాన్ని అడిగినవారి బాధ్యత

ఎవరో మన ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంటారు. ఈ రెండు వారాల్లో దిగులుగా ఉన్నదా, నిద్ర పడుతున్నదా, బ్రతుకు మీద విరక్తి కలిగిందా అని అడుగుతారు. నిజం చెప్పాలా, వద్దా అన్నది మన సమస్య. అయితే మనం నిజం చెప్పిన తరువాత, విన్నవారు మనకు ఏం బాకీ పడతారు? ఈ రెండో ప్రశ్నను గురించి ఈ వారం ఆలోచిద్దాం.

ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థ మన పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాలలో 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే పేరుతో ఒక అధ్యయనం చేసింది. దాని ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఊరి ఆశా కార్యకర్తలే చేతిలో టాబ్లెట్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ఇలాంటి ప్రశ్నలు అడిగారు. సుమారు 5,000 మందిని అడిగితే 238 మందిలో కుంగుబాటు, ఆందోళన వంటి లక్షణాలు కనిపించాయి. వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుని వద్దకు పంపారు.

అసలు ఈ లెక్కలెందుకు, ఉన్న డబ్బుతో మందులు కొనవచ్చు కదా అని కొందరంటారు. కాని లెక్కలో లేనివారికి మందు కూడా రాదు. 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. దానికి ఎంచుకున్న 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. కౌలుకు చేసిన పంట నీట మునిగిన రైతు, తల్లి కువైట్ వెళ్ళగా అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లవాడు, ఎదిగిన కొడుకును తుఫానులో పోగొట్టుకున్న తల్లి, వీరి బాధ ఏ పట్టికలోనూ ఎక్కకపోతే, పైనున్నవారు అక్కడ బాధే లేదనుకుంటారు. కనుక అడగకపోవడం కూడా ఒక అన్యాయమే.

అలాగని అడగడమొక్కటే న్యాయమైపోదు. మానుతున్న పుండును రేపి, కాగితం మీద రాసుకుని, జీపెక్కి వెళ్ళిపోతే అది సేవ కాదు. ప్రపంచ వైద్య సంఘం 1964లో హెల్సింకీలో చేసిన ప్రకటన ఈ విషయాన్ని స్పష్టం చేసింది. పరిశోధన వల్ల వచ్చే జ్ఞానం ఎంత గొప్పదైనా, దాని కోసం ఎదుటనున్న మనిషి క్షేమాన్ని బలిపెట్టకూడదు. మన జిల్లాలో జరిగిన పనిలోని మంచి ఇదే. అడిగిన మనిషి ఊరి మనిషి. అడిగిన వెంటనే వైద్యునికి దారి చూపింది. ఆ వైద్యునికి కూడా ఈ వ్యాధుల విషయంలో శిక్షణ ఇచ్చారు.

ఫలితం ఏమిటి? అంతకు ముందు ఆ 238 మందిలో మానసిక వైద్యం పొందినవారు నూటికి ఒక్కరు కూడా లేరు. తరువాత అది 12.6 శాతానికి పెరిగింది. అంటే సుమారు 30 మంది. ఇది సంతోషించదగినదే. మరి మిగిలిన 208 మంది మాటేమిటి? వారిని రోజు కూలి పోతుందన్న భయం ఆపి ఉండవచ్చు, దూరం ఆపి ఉండవచ్చు, నలుగురూ ఏమనుకుంటారో అన్న సిగ్గు ఆపి ఉండవచ్చు. ఏదైనా, వారి బాధను అడిగి తెలుసుకున్న తరువాత అది వారి ఒక్కరిదే అని చేతులు దులుపుకోవడానికి వీలులేదు. ఆ తరువాత ఇదే పద్ధతిని మన జిల్లాతో పాటు హర్యానాలో కూడా, మొత్తం 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, పోల్చి చూసే పద్ధతిలో పరీక్షించారు. కుంగుబాటు తగ్గిందని తేలింది. దారి ఉన్నదని రుజువైన తరువాత నడవకపోతే తప్పు ఎవరిది?

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆశా కార్యకర్త మనకు పరాయిది కాదు. ఒదినో, పిన్నో అవుతుంది. ఆమెకు చెప్పిన మాట సాయంత్రానికి చెరువు గట్టు మీద వినబడితే మళ్ళీ ఎవరూ నోరు విప్పరు. ఊరి పెద్ద సరేనంటే ఊరంతా సరేనన్నట్లు కాదు. కాదనే హక్కు కోడలికి కూడా ఉండాలి, అత్తగారు పక్కన లేనప్పుడు ఆమెను అడగాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి గోప్యతను హక్కుగా గుర్తించింది. ప్రాణాపాయాన్ని నివారించవలసి వచ్చినప్పుడు మాత్రం అవసరమైనంత మేరకు చెప్పవచ్చునన్నది. గోప్యత మనిషిని కాపాడడానికే గనుక ఇది న్యాయమే.

ఇక మన సంగతి. 'పిచ్చి' అన్న ఒక్క మాటతో మనం ఎందరి నోళ్ళు మూయించాం! ఆ అధ్యయనంలో నాటకాల ద్వారా, ఇంటింటా కరపత్రాల ద్వారా ముందు ఆ సిగ్గును పోగొట్టడానికి ప్రయత్నించారు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టివేయబడిన 28 మంది రోగులు మంటల్లో చనిపోయారు. స్వస్థత కోసం తమవారే వారిని అక్కడ వదిలి వెళ్ళారు. ప్రార్థన చేయవద్దని ఎవరూ అనరు. కాని జ్వరం వస్తే ప్రార్థించి మాత్ర కూడా వేసుకునే మనం, మనసు జబ్బుకు మాత్రం మాత్ర ఎందుకు దాస్తాం?

మన విచారణలో ఒక కుటుంబం కొన్ని వారాలుగా పూజకు రావడం లేదంటే, ఎందుకు రాలేదని నిలదీయకుండా, ఎలా ఉన్నారని అడగండి. అడిగితే మాత్రం చివరిదాకా వినండి. వైద్యుని దగ్గరకు తోడు వెళ్ళండి, బస్సు చార్జీ లేకపోతే పెట్టుకోండి. ఏ వేళనైనా 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ-మానస్ వారు ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారని చెప్పండి. ఇవేవీ చేయలేమనుకుంటే ఆ ప్రశ్న అడగకపోవడమే మేలు. కాని చేయలేనంత పెద్ద పనులా ఇవి?