గిలాదు గుగ్గిలము ఎవరికి?

ధ్యానభాగములు: యిర్మీయా 8:22, లూకా 10:25–37



తన జనుల గాయము మానకుండుట చూచి యిర్మీయా ప్రవక్త అంగలార్చెను. గిలాదులో గుగ్గిలమునకు కొదువ లేదు, వైద్యులు లేకపోలేదు. అయినను గాయము మానలేదు. మందు ఉన్నచోటనే మనుష్యుడు నశించుట యెంత దుఃఖకరము! ఈ మాటను అమెరికా దేశములో జరిగిన యొక సంగతితో కలిపి ధ్యానింతము.

న్యూయార్కు పట్టణములో హార్లెము అను పేట కలదు. అది నల్లజాతి ప్రజలకు పేరుపొందిన నివాసము. 1989లో పెర్నెస్సా సీల్ అను సహోదరి అక్కడి ఆసుపత్రిలో పనిచేయుచు, ఎయిడ్సు రోగులు ఒంటరిగా చనిపోవుట చూచెను. ఆ జనులలో ఎవరైన జబ్బుపడినయెడల సంఘస్థులు వచ్చి ప్రార్థించి ఆదరించుట వాడుక. ఈ రోగుల మంచములయొద్దకు మాత్రము ఎవరును రాలేదు. ఆమె ఊరకుండలేదు. మతపెద్దలను పిలిచి, ఆ సంవత్సరమే హార్లెములో ప్రార్థనా వారము జరిపించెను. క్రైస్తవులతోపాటు ముస్లిములును కూడుకొనిరి. ఆ పనినుండి పుట్టిన సంస్థకు గిలాదు గుగ్గిలము పేరే పెట్టిరి.

నేడు ఆ వ్యాధికి మందులు కలవు. 1996 మొదలుకొని వచ్చిన మందులను క్రమముగా వాడువాడు దీర్ఘకాలము బ్రదుకును. రక్తపరీక్షలో క్రిమి కనబడనంతగా తగ్గి, ఆలాగే నిలిచియున్నయెడల, సంసారమువలన భార్యకైనను అంటదు. సోకకుండ ముందుగా వాడు మాత్రను 2012లో ఆ దేశము ఆమోదించెను. అయినను అక్కడి జనములో నల్లజాతివారు నూటికి 12 మందియే కాగా, 2022లో క్రొత్తగా క్రిమి సోకినవారిలో నూటికి 37 మంది వారే. అందులో పురుషులతో సంబంధముగల యౌవనపురుషులే విస్తారము.

ఇది వారి నడతకు తగిన ఫలమేయని కొందరు తలంచుదురు. వీరి నడత తెల్లజాతివారిలోని అట్టి పురుషుల నడతకంటె ఎక్కువ అపాయకరమైనది కాదని పరిశోధనలు తేల్చినవి. బీదరికము, వైద్యమునకు దూరమగుట, ఆలస్యముగా పరీక్ష చేయించుకొనుట, సిగ్గు, భయము అనునవే కారణములు. మరియు 1932 మొదలు 1972 వరకు అలబామా రాష్ట్రములోని టస్కీగీలో, సవాయి రోగముగల దాదాపు 400 మంది నల్లజాతి పురుషులను, పెన్సిలిన్ వచ్చిన తరువాతకూడ, ప్రభుత్వ వైద్యులు మందియ్యక పరిశీలించుచు వచ్చిరి. అట్టి జనులు ఆసుపత్రిని సులభముగా నమ్ముదురా? అందుచేతనే వారి స్వజనులే మంగలి దుకాణములలోను గుడి ఆవరణములలోను పరీక్షలు ఏర్పాటుచేసి, చేయి పట్టుకొని వైద్యునియొద్దకు తోడు వెళ్లుచున్నారు. అన్నదమ్ములు పిలిచిన చోటికి యౌవనుడు భయపడక వచ్చును.

మంచి సమరయుడు, నీ వెందుకు ఈ దారిని వచ్చితివని గాయపడినవానిని అడుగలేదు. నూనె పోసి, గాయము కట్టి, సత్రమునకు తీసికొనిపోయి, మరల వచ్చెదనని మాట యిచ్చెను.

ఈ విషయములో మేమును నిర్దోషులము కాము. కొన్ని యేండ్ల క్రిందట మా సంఘ యౌవనుడొకడు ఈ వ్యాధితో ముంబయినుండి ఇల్లు చేరెను. మేము వాకిట నిలిచి ప్రార్థించితిమి. “అయ్యగారూ, లోపలికి రండి, పిల్లవాడు మీకొరకే చూచుచున్నాడు” అని తల్లి బ్రతిమాలెను. వేళాయెనని చెప్పి వచ్చివేసితిమి. ఆ వారమే అతడు నిద్రించెను. ఆ గడప ఇప్పటికిని మా కన్నుల యెదుట నున్నది.

ప్రియులారా, తాకినందున, ఒకే కంచములో తిన్నందున ఈ వ్యాధి అంటదు. మన దేశములో 2004 నుండి ప్రభుత్వ ఆసుపత్రులలో మందు ఉచితము. రోగిని వివక్షతో చూచుటను 2017 చట్టము నిషేధించుచున్నది. గుగ్గిలము మన యొద్దనే యున్నది. కావున మీ యింటి యౌవనులతో సిగ్గుపడక మాటలాడుడి, పరీక్షకు తోడు వెళ్లుడి, రోగి గడప దాటి లోపల కూర్చుండుడి. కుష్ఠరోగిని ముట్టిన ప్రభువు మన చేతులను ఆ పనికి వాడుకొనును గాక. ఆమేన్.