రేవులో కాచుకోవడం

సికింద్రాబాద్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న మా రెజిమెంటల్ బజార్ మీదుగా భద్రాచలం యాత్రికులు ఎప్పుడూ వెళ్తూనే ఉంటారు. వాళ్ల రైలు ఆగేది కొత్తగూడెంలో. అక్కడ స్టేషన్ బోర్డు మీద మాత్రం ‘భద్రాచలం రోడ్’ అని ఉంటుంది. ఇంకా నలభై కిలోమీటర్ల రోడ్డు, ఆ తర్వాత గోదావరి. 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ వంతెన ప్రారంభించేదాకా ఈ గట్టున పడవ కోసం కాచుకోవాల్సిందే. నా దృష్టిలో సరిహద్దు అంటే ఆ కాచుకోవడమే. పటం మీద గీత గీసినవాళ్లు రేవులో కూర్చోరు. కూర్చునేవాళ్లను ఎవరూ అడగరు.

నది ఉన్నంత మాత్రాన సరిహద్దు పుట్టదు. కంచర్ల గోపన్న తహసీల్దారీ చేసిన పాల్వంచ కుడి గట్టు వైపుది, ఆయన కట్టించిన భద్రాచలం రాముడి గుడి ఎడమ గట్టున ఉంది. రెండూ గోల్కొండవే. గోపన్న చెరసాల పాలైంది ఖజానా సొమ్ము విషయంలోనే గాని, ఏరు దాటినందుకు కాదు.

గీత 1860లో పడింది. నిజాం ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాడు. బదులుగా రాయచూరు, ధారాశివ్ తిరిగి వచ్చాయి, యాభై లక్షల అప్పు మాఫీ అయింది. ఇంగ్లీషువాళ్లకు కావలసింది నీటిదారి. ఎగువ సీమల పత్తిని పడవల్లో సముద్రానికి దించాలని ఆర్థర్ కాటన్ కలగన్నాడు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు లేచాయి. కానీ మన్యపు జ్వరాలు, కలరా కూలీలను పొట్టన పెట్టుకున్నాయి. ఖర్చు పెరిగింది, రైళ్లు వచ్చేశాయి. 1871లో పని ఆపేశారు. ఏ పడవల కోసం గీత గీశారో అవి రాలేదు, గీత మాత్రం ఉండిపోయింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దాని తర్వాతి కథ. 1874లో ఈ తాలూకాలను మధ్య పరగణాల నుంచి తీసి మద్రాసు కింద పెట్టారు. అంతకుముందు వాటిలోని రేకపల్లి కొండల్లో పోడుకు గొడ్డలి లెక్కన పన్ను ఉండేది. ఒక గొడ్డలితో ఎంత కొట్టుకుంటే అంత సాగు. మద్రాసు వచ్చాక పన్ను పెరిగింది, కొన్ని అడవుల్లోకి పోడు రైతులను రానివ్వలేదు. 1879లో రంప ఫితూరీ రగిలితే రేకపల్లి కూడా లేచింది. ఆ మనుషులు ఉన్న కొండ దిగలేదు. ఎక్కడో దస్త్రం ఒక కచేరీ నుంచి ఇంకో కచేరీకి మారితే వాళ్ల తిండిగింజలకు ఎసరొచ్చింది. చరిత్ర పుస్తకాల్లో దీన్ని పాలనా మార్పు అంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు.

మా బజారూ అలాంటి గట్టే, నీళ్లు లేవంతే. ఇంగ్లీషు పటాలాల కోసం వెలసిన బజారు ఇది. ఇక్కడ పాలన వాళ్లది, అటు నగరం నిజాంది. అటు హాలీ సిక్కా, ఇటు కల్దారు. సుమారు ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు. గోదావరికి ఈ ఒడ్డున, ఆ ఒడ్డున ఉన్నవీ ఇవే రెండు నాణేలు. 1945లో సికింద్రాబాద్ బజార్లు తిరిగి నిజాం పాలనలోకి వచ్చాయి, తర్వాత ఆ గీత పూర్తిగా చెరిగిపోయింది. ఇక్కడ పాత హద్దు ఎక్కడుండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. హద్దుకు అంతకన్నా మంచి గతి ఉండదు.

గోదావరి దగ్గర అలా జరగలేదు. 1959లో భద్రాచలాన్ని తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు కోసం మండలాలు ఆంధ్రకు వెళ్లినప్పుడు భద్రాచలం మండలంలో ఊరు ఒక్కటే తెలంగాణలో మిగిలింది. రాముడి గుడి ఇక్కడ, ఆయన భూములున్న పురుషోత్తపట్నం అక్కడ. చర్లకు వెళ్లే తెలంగాణ బస్సు ఊరు దాటగానే కాసేపు ఆంధ్రలో నడిచి మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. యటపాక, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం — ఈ ఐదు ఊళ్లకూ బజారు, ఆసుపత్రి భద్రాచలమే. 2022 ఏప్రిల్లో వాళ్ల జిల్లా కేంద్రం కొండల అవతల పాడేరు అయింది. అదే జులైలో గోదావరి 71 అడుగులు దాటింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ముంపు కోసం ఊళ్లను పంచినవాళ్లు, ముంపు వచ్చిన రాత్రి ఆ ఊళ్లవాళ్లు ఏ కలెక్టరు తలుపు తట్టాలో కూడా ఆలోచించి ఉండాల్సింది. ఇప్పటికైనా ఆ ఐదు ఊళ్లలో గ్రామసభలు పెట్టి, ఎటు ఉంటారో వాళ్లనే అడగాలి.