అంపశయ్య మీద భీష్ముడు అడిగిన దిండు

అంపశయ్య అనగానే మనకి విష్ణు సహస్రనామం గుర్తొస్తుంది. దానికి ముందు జరిగిన ఒక ఘట్టాన్ని వీడియోలో రెండు ముక్కల్లోనే చెప్పాను, ఇక్కడ కాస్త ఆగుదాం.

దుర్యోధనుడు బాణాలు తీయడంలో ఆరితేరిన వైద్యుల్ని తీసుకొచ్చాడు. భీష్ములవారు వాళ్లని సత్కరించి పంపించేయమన్నారు. అంటే ఇంక ఏదీ వద్దనుకున్నారా? లేదండీ. తల వేలాడుతోంది, దిండు కావాలన్నారు. రాజులు పరుగెత్తి మెత్తటి దిండ్లు తెచ్చారు. ఆయన వద్దని అర్జునుడి వైపు చూశారు. అర్జునుడు ‘ఏం చేయమంటారు తాతా?’ అని అడిగి, మూడు బాణాలు నిలిపి తలకి ఆసరా ఇచ్చాడు. దాహం విషయంలోనూ అంతే. ప్రేమ రాజులకీ ఉంది, కానీ వాళ్లు తమకి తోచింది తెచ్చారు.

క్యాన్సర్ వార్డులో పనిచేసే ఒక అమ్మాయి ఈ మధ్య నన్ను అడిగింది. ‘‘నాకు తగ్గుతుందా సిస్టర్ అంటారు గురువుగారూ. బయట వాళ్లబ్బాయేమో నాన్నకి చెప్పొద్దంటాడు. అబద్ధం చెబితే పాపం, నిజం చెబితే ఆశ పోతుంది. ఏం చేయను?’’

రోగం సంగతి డాక్టరుగారు చెప్పాలి తల్లీ, అది నీ ఒక్కదాని నెత్తిన వేసుకోకు అన్నాను. కానీ ‘తప్పకుండా తగ్గిపోతుంది’ అని మాత్రం అనొద్దు. పక్కన కూర్చుని, ‘మీకేం కావాలనుంది? దేనికి భయంగా ఉంది?’ అని అడుగు. ఒకరికి ఇంటికెళ్లాలని ఉంటుంది. ఒకరికి ఈ ఒక్క రాత్రి నొప్పి లేకుండా నిద్రపడితే చాలు. అదీ ఆశే. భీష్ములవారికి బతుకు మీద ఆశ లేదు, ఉత్తరాయణం మీద ఉంది. దానికోసం 58 రాత్రులు ఆ బాణాల మీదే ఉన్నారు.

నొప్పి కర్మఫలం, మార్ఫిన్ ఎందుకు, అనుభవించాలి అనే పెద్దలు కొందరుంటారు. నేను ఒప్పుకోను. అంతటి భీష్ముడే దిండు అడిగారు కదా! 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సే. నొప్పి వచ్చాక కాదు, తిరిగి రాకముందే టైమ్ ప్రకారం మందు ఇవ్వాలని ఆవిడ పట్టుబట్టారు.

ఇంకో మాట. ఆఖరి గడియల్లో తులసి తీర్థం పోయాలని తొందరపడతాం. మింగలేని మనిషి నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముందు నర్సుని అడగండి. తడి దూదితో పెదవులు ఎలా తడపాలో చూపిస్తారు. ఆ దూదినే తీర్థంలో ముంచండి.