ఎవలు పోయిండ్రు?

మునగాలలో తెల్లారుజామున మైకులోంచి ఘంటసాల గొంతులో భగవద్గీత వినబడితే చాయ్ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగిపోతుంది. ఏ బజారు నుంచి వస్తోందో చెవి పెట్టి, మంచాన పడ్డ ముసలివాళ్లను వరసగా తలుచుకుంటారు. అది మామూలే. మొన్న టీవీలో ‘పాతాళభైరవి’ వేశారు. తోటరాముడు ప్రేమ పాట ఎత్తుకున్నాడో లేదో, ఆరేళ్ల మనవడు అడిగాడు: “తాతా, ఎవలు సచ్చిపోయిండ్రు?”

ఈ రాస్తున్నవాణ్ని ఆ మాట వదలడం లేదు.

గీత బతికున్నవాళ్లకు గానీ శవానికెందుకని చాలామంది అనేదే. విల్లు జారవిడిచి కూలబడ్డవాణ్ని లేపడానికి చెప్పిన మాటలవి. పాడె మీది మనిషి లేవడు. ఇతనూ చాలాసార్లు అలాగే వాదించాడు. ఇప్పటి బాధ గీత గురించి కాదు, పాడినవాడి గురించి. 1922లో చౌటపల్లిలో పుట్టి, విజయనగరంలో జోలె పట్టి అన్నం తెచ్చుకుంటూ సంగీతం నేర్చాడు. 1942 ఉద్యమంలో జైలుకెళ్లాడు. మద్రాసులో కోరస్‌తో మొదలై ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) సినిమాలకు సంగీతం కట్టాడు. దేవదాసు తాగి ఏడ్చినా, అభిమన్యుడు పడవలో మురిసినా గొంతు ఆయనదే. 1972లో గుండెనొప్పితో ఆసుపత్రిలో ఉన్నప్పుడు గీత పాడాలన్న కోరిక బలపడింది. పాడాడు. 1974 ఫిబ్రవరి 11న పోయాడు. అప్పటికి 51 ఏళ్లే. మూడు దశాబ్దాల పాటలను ఆ ఒక్క రికార్డు మింగేసిందా?

అవుననే అనుకున్నాడు ఇతను, తన తండ్రి పోయిన రోజు దాకా.

ఆ రోజు మైకు అతను బాక్సులు దించి, “పెట్టమంటరా సారూ?” అని అడిగితే వద్దన్నాడు. పంతం నెగ్గింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాడు. ఐసు పెట్టె మోటారు గుర్రుమంటోంది. దాని కిరాయి ఎవరివ్వాలో వాకిట్లో లెక్క. కోదాడ నుంచి పూలు రాలేదని ఒకరు, మిర్యాలగూడ అక్క ఎందాక వచ్చిందని ఇంకొకరు ఫోన్లలో అరుస్తున్నారు. పందిరి గుంజకు ఆనుకుని బాబాయి పొలం గట్టు పంచాయితీ మొదలెట్టాడు. అమ్మ ముఖం మీది కొంగు తీసింది.

“జర ఘంటసాలను పెట్టుమనరాదు బిడ్డా.”

గీత అనలేదు. ఘంటసాల అంది.

పెట్టారు. శ్లోకం అర్థమైనవాళ్లు లేరు, తాత్పర్యం విన్నవాళ్లూ లేరు. గొంతులు మాత్రం తగ్గాయి. ఇంటి పెద్ద ఒకరొచ్చి అరుగు మీద కూర్చున్నట్టయింది. అర్జునుడికి చెప్పిందంతా ఆ పూట బతికున్నవాళ్ల నోరు మూయించడానికి పనికొచ్చిందంటే, తన పాత వాదన గెలిచిందో ఓడిందో ఇతనికి ఇప్పటికీ తేలలేదు.

పదకొండో రోజు డబ్బులు తీసుకోవడానికి మైకు అతను వచ్చాడు. జేబులో రెండు పెన్‌డ్రైవులు. ఒకదానికి తెల్ల ప్లాస్టరు అంటించి ‘గీత’ అని పెన్నుతో రాసుకున్నాడు. రెండోది పెళ్లిళ్లది. అందులో ఘంటసాల ఉన్నాడా అని అడిగితే అతను నవ్వాడు. “ఇప్పుడంతా డీజేనే సారూ.” ఇతని పెళ్లికి ఇదే వాకిట్లో గ్రామఫోను మీద ‘మాయాబజార్’ రికార్డు అరిగేదాకా తిరిగింది. చావు ఎత్తుకుపోయిందని ఇన్నాళ్లూ నింద వేశాడు గానీ, వదిలేసింది పెళ్లివాళ్లు.

మొన్న వైశాఖంలో తమ్ముడి కూతురి పెళ్లి. తలంబ్రాలయ్యాక ఇతను మెల్లగా బాక్సుల దగ్గరికి పోయి, ‘మాయాబజార్’ పడవ పాట ఒక్కటి వెయ్యమన్నాడు.

మైకు అతను కంగారుగా చుట్టూ చూశాడు. “వద్దు సారూ, ఎవలో పోయిండ్రనుకుంటరు.”